మాల వేసుకున్న 41 రోజులు ఆడనివాడు, తీశాక ఎందుకు ఆడాడు?

పత్తికొండ నుంచి ఒక అక్క అడిగిన ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్లు. కర్నూలులో ఒక దుకాణంలో పనిచేస్తూ గది తీసుకుని ఉంటాడు. రాత్రి తొమ్మిదిన్నరకు గదికి చేరి ఫోనులో డబ్బు పెట్టి రమ్మీ ఆడతాడు, క్రికెట్ వస్తే పందేలు కాస్తాడు. మూడేళ్లలో ఆరు లక్షలకు పైగా పోయింది. నాన్న రెండుసార్లు అప్పు తీర్చారు, రెండోసారి ఎకరం అమ్మి. అమ్మ గాజులు బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి. పోయిన కార్తికంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఆ 41 రోజులు ఆట జోలికి పోలేదు. మాల తీసిన ఎనిమిదో రోజున మళ్లీ మొదలుపెట్టాడు. "అన్ని రోజులు ఉండగలిగినవాడు ఇప్పుడెందుకు ఉండలేడు? చేతకాక కాదు, కావాలనే చేస్తున్నాడు" అంటారు నాన్న. తమ్ముడేమో "నాకు ఇష్టం లేదక్కా, అయినా ఆడుతున్నాను" అంటాడు. ఎవరి మాట నమ్మాలి? మేం ఏం చేయాలి?

అమ్మా, ఈ ఒక్క మాటలో మీ తమ్ముడిని నమ్మండి. డబ్బు గురించి అతను మీతో అబద్ధాలు ఆడి ఉంటాడు, అప్పులు దాచి ఉంటాడు. "ఇష్టం లేదు, అయినా ఆడుతున్నాను" అన్నది మాత్రం నిజం. నేను అనంతపురంలో 22 ఏళ్లుగా మానసిక వైద్యుడిగా పనిచేస్తున్నాను. మద్యంతో వచ్చినవారు, మట్కాతో వచ్చినవారు, ఈ మధ్య ఫోను ఆటలతో వస్తున్నవారు, అందరూ ఏదో ఒక రోజు ఇదే మాట అంటారు. ఇంట్లోవాళ్లు దాన్ని సాకు అనుకుంటారు. నేను దాన్ని రోగ లక్షణంగా రాసుకుంటాను.

మనకు రుచి, యావ అని రెండు మాటలున్నాయి. రుచి నోట్లో పెట్టుకున్నాక తెలిసేది. యావ పెట్టుకోకముందే లాగేది. మామూలుగా రెండూ జంటగా నడుస్తాయి కనుక ఒకటేనేమో అనిపిస్తుంది. మెదడులో వాటి దారులు వేరు. ఇది తెలియడానికి శాస్త్రవేత్తలకు చాలా కాలం పట్టింది. 1954లో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో సన్నని తీగ అమర్చి, మీట నొక్కితే అక్కడ కొద్దిపాటి విద్యుత్తు తగిలేలా చేశారు. ఎలుకలు ఆ మీటను వదల్లేదు, గంటల తరబడి నొక్కుతూనే ఉన్నాయి. తర్వాతి ప్రయోగాల్లో ఆకలితో ఉన్న ఎలుకలు తిండిని కూడా కాదని మీట దగ్గరే నిలబడ్డాయి. తీగ తగిలిన ఆ చోటు ఆనంద కేంద్రమని చాలా ఏళ్లు అందరూ నమ్మారు. ఆ దారిలో పనిచేసే డోపమిన్‌ను ఇప్పటికీ పత్రికల్లో ఆనంద రసాయనం అనే రాస్తారు.

అది సరైన పేరు కాదని చూపించినవారిలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెర్రిడ్జ్ ముఖ్యుడు. డోపమిన్ దాదాపు పూర్తిగా పోయిన ఎలుకలను ఆయన గమనించాడు. అవి తిండి ఎదుటే ఉన్నా కదలవు. మనం తినిపించకపోతే అలాగే చచ్చిపోతాయి. అదే ఎలుక నాలుక మీద తీపి నీళ్లు వేస్తే మాత్రం ఎప్పటిలాగే మూతి నాక్కుంటుంది. అంటే రుచి చెక్కుచెదరలేదు, యావ పోయింది. డోపమిన్ పని ముఖ్యంగా యావతో. వ్యసనంలో దీనికి తలకిందులుగా జరుగుతుందని, యావ ఏటికేడు పదునెక్కుతుంటే రుచి పెరగదని, పైగా తగ్గవచ్చునని బెర్రిడ్జ్, టెర్రీ రాబిన్సన్ కలిసి 1993లో ప్రతిపాదించారు. మీ తమ్ముడు తనకు తెలియకుండానే ఆ సిద్ధాంతాన్ని ఒక్క వాక్యంలో మీకు చెప్పాడు.

నేను దీన్ని పుస్తకంలో చదివినా, నిజంగా నమ్మింది ఒక విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి చూశాకే. ఆయన భార్య ఏడుస్తూ తీసుకొచ్చారు. జీవితంలో పేకముక్క పట్టని మనిషి 64 ఏళ్ల వయసులో తెల్లవార్లూ పేకాటలో కూర్చుంటున్నాడు. పింఛను అందులోకే పోతోంది. విచారిస్తే తేలింది ఏమిటంటే, వణుకుడు జబ్బు పార్కిన్సన్స్‌కు ఆయన వాడుతున్న ప్రమిపెక్సోల్ మోతాదు కొన్ని నెలల ముందే పెరిగింది. డోపమిన్ చేసే పనిని అనుకరించే ఇలాంటి మందులు కొందరిలో జూదపు యావ పుట్టిస్తాయని ప్రపంచమంతటా వైద్యులకు తెలిసిన సంగతే. నరాల వైద్యుడితో మాట్లాడి మందు మార్చాం. రెండు నెలల్లో పేకాట దానంతటదే వదిలింది. ముప్పై ఏళ్లు పిల్లలకు నీతి చెప్పిన ఆ మనిషి గుణం మాత్రతో చెడి, మాత్ర మారగానే బాగుపడిందనలేం కదా. (మీ ఇంట్లో ఎవరైనా ఆ మందు వాడుతుంటే సొంతంగా ఆపవద్దు. అలా ఆపడం ప్రమాదకరం. రాసిన వైద్యుణ్ణే అడగండి.)

మీ తమ్ముడు ఏ మాత్రా మింగలేదు. అతనిలో అంత యావను పెంచింది ఆట నిర్మాణమే. దీనికి ఉదాహరణ వెతుక్కుంటూ నేను దూరం పోనక్కర్లేదు, మీది పత్తికొండ.

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల పొలాల్లో ఏం జరుగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. మా వైపు వజ్రకరూరులోనూ అంతే. వాన పైమట్టిని కడిగేస్తుంది, రాళ్లు బయటపడతాయి. ఊళ్లకు ఊళ్లే చంటిపిల్లలతో, సద్దిమూటలతో వచ్చి, నడుం వంచి పొద్దంతా నేలను చూస్తూ నడుస్తాయి. పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు. ఏ ఏటికాయేడు ఎవరో ఒకరికి రాయి దొరుకుతుంది, వ్యాపారి వచ్చి కొంటాడు, ఆ కబురు మర్నాటికి పది ఊళ్లు దాటుతుంది. వందల మందికి ఏమీ దొరకదు. అయినా మర్నాడు పొద్దున్నే పొలంలో ఉంటారు. కూలి దొరికే పని మానుకుని మరీ వస్తారు.

వారం రోజులు వెతికి ఏమీ దొరకని మనిషి మానుకోవాలి కదా? మానుకోకపోవడానికి కారణాన్ని బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పెట్టెల్లో ఎలుకలను, పావురాలను పెట్టి కనిపెట్టాడు. ఏదైనా పని చేశాక మంచి ఫలితం వస్తే ఆ పని మళ్లీ చేసే అవకాశం పెరుగుతుంది. దీన్నే పునర్బలనం అంటారు. ఒక శనివారం మధ్యాహ్నం స్కిన్నర్ దగ్గర తిండి గుళికలు తక్కువపడ్డాయి. వాటిని చేత్తో తయారు చేయడం పెద్ద పని. అందుకని మీట నొక్కిన ప్రతిసారీ కాకుండా అప్పుడప్పుడే ఇవ్వడం మొదలుపెట్టాడు. ఎలుకలు మానలేదు సరికదా నిలకడగా నొక్కుతూనే ఉన్నాయి. ప్రతిసారీ ఇచ్చి ఒక్కసారిగా ఆపేస్తే జంతువు కాసేపు ప్రయత్నించి వదిలేస్తుంది. ఎన్నో నొక్కుకు వస్తుందో తెలియకుండా ఇచ్చి ఆపేస్తే వదలదు. పావురమైతే తిండి పూర్తిగా ఆగిపోయాక కూడా వేల సార్లు పొడుస్తుంది. దానికి తెలిసిన లోకంలో రాకపోవడం మామూలే. రాకపోవడం అంటే ఇంకొంచెంలో వస్తుందనే దాని లెక్క. 1957లో చార్ల్స్ ఫెర్‌స్టర్‌తో కలిసి స్కిన్నర్ ఈ తీరులన్నిటినీ పెద్ద గ్రంథంగా అచ్చువేశాడు. డబ్బు ఆటలు తయారు చేసేవాళ్ల చేతిలో ఉన్న పనిముట్టు ఇదే.

ఇక్కడ మీ నాన్నగారికి ఒక మాట చెప్పాలి. ఆయన ఎకరం అమ్మి కట్టిన అప్పు గురించి చదివినప్పుడు నాకు గుండె బరువెక్కింది. పత్తికొండ రైతు కనుక వేరుశనగో టమోటానో వేసే ఉంటారు. ఒక వారం టమోటాను రోడ్డు మీద పారబోసి రావడం, మరో వారం అదే గంపకు ఊహించని ధర పలకడం ఆయనకు కొత్త కాదు. మూడేళ్లు వానలు మోసం చేసినా నాలుగో ఏడు విత్తనం కొంటారు. ఆ పట్టుదల లేకపోతే అనంతపురం, కర్నూలు మెట్ట భూముల్లో ఒక్క కుటుంబమూ మిగిలేది కాదు. రానిదాన్ని కూడా వస్తుందని నమ్మి మళ్లీ చేయి చాచే ఈ శక్తి మెదడు లోపం కాదు. దాని వల్లే బతికాం. మీ తమ్ముడిలో పనిచేస్తున్నది కూడా ఆ శక్తే. తేడా ఎక్కడంటే, విత్తుకూ పంటకూ మధ్య నాలుగు నెలలు, ఒళ్లు వంచే పని, ఇరుగుపొరుగు సలహా ఉంటాయి. రమ్మీలో ముక్క పంచడానికీ ఫలితానికీ మధ్య కొన్ని నిమిషాలే. వజ్రాల వేటకైనా రుతువుంది, పంట వేశాక పొలం మూతపడుతుంది. ఫోనులోని పొలం అర్ధరాత్రి రెండింటికి కూడా తెరిచే ఉంటుంది. పునర్బలనం బలం చాలావరకు వేగంలో ఉంది. చర్యకు ఫలితం ఎంత దగ్గరైతే పాఠం అంత లోతుగా దిగుతుంది.

ఆ పాఠం దిగే తీరును వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో ఒక్కొక్క నాడీకణం చప్పుడు విని తెలుసుకున్నాడు. దీపం వెలుగుతుంది, కాసేపటికి కోతి నోట్లో పళ్లరసం పడుతుంది. మొదటి రోజుల్లో డోపమిన్ కణాలు రసం పడినప్పుడు ఒక్కసారిగా పేలినట్టు పలికాయి. కొన్నాళ్లకు కోతి సంగతి గ్రహించాక, దీపం వెలగగానే పలికాయి, రసం పడితే పలకలేదు. దీపం వెలిగించి రసం ఇవ్వకపోతే, సరిగ్గా రసం రావాల్సిన క్షణానికి మూగబోయాయి. అంటే ఆ కణాలు రసాన్ని కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాను లెక్కిస్తున్నాయి. అనుకున్నదానికంటే ఎక్కువ వస్తే "దీన్ని గుర్తుపెట్టుకో" అన్న సంకేతం. అనుకున్నంతే వస్తే మౌనం. 1997లో షుల్ట్జ్, పీటర్ దయాన్, రీడ్ మాంటెగ్యూ ముగ్గురూ కలిసి దీన్ని లెక్కల రూపంలో పెట్టారు. 2003లో షుల్ట్జ్ బృందమే ఇంకో సంగతి చూపింది. రసం వచ్చే అవకాశం సగానికి సగం ఉన్నప్పుడు, ఎదురుచూసే ఆ కొద్ది సేపూ ఈ కణాల పలుకుడు మెల్లగా పెరుగుతూ పోతుంది. తప్పక వస్తుందన్నప్పుడూ అలా పెరగదు, అసలు రాదన్నప్పుడూ పెరగదు.

జూదంలో నిశ్చయం ఎప్పటికీ కుదరదు. కనుక మెదడు దాన్ని పూర్తిగా నేర్చుకుని ఊరుకోవడం జరగదు. ప్రతి గెలుపూ కొత్త ఆశ్చర్యమే. మూడేళ్ల తర్వాత కూడా ఒక గెలుపు మొదటి గెలుపులాగే బోధిస్తుంది. యాప్ చప్పుడు, తెర మీద మెరిసే రంగు, చేతిలో ఫోను బరువు, ఇవన్నీ షుల్ట్జ్ కోతి ముందు వెలిగిన దీపాలు.

ఓటమి పాఠం నేర్పదా అని మీరు అడగవచ్చు. ఒక రకం ఓటమి నేర్పదు, అదే అసలు చిక్కు. "ఒక్క ముక్క వస్తే షో చేసేవాణ్ణి", "చివరి బంతికి సిక్స్ పడకపోతే నా డబ్బు వచ్చేది", ఇలాంటివి మీ తమ్ముడి నోట విన్నారా? 2009లో బ్రిటన్‌లో లూక్ క్లార్క్ బృందం మెదడు చిత్రాలు తీసి చూస్తే, వెంట్రుకవాసిలో తప్పిన ఆట కూడా గెలుపు కదిలించే దారులనే కొంతవరకు కదిలించింది. అలా ఓడిపోయినవారు అది మామూలు ఓటమికంటే బాధగా ఉందన్నారు. అయినా మళ్లీ ఆడాలన్న కోరిక పెరిగిందన్నారు. రుచి తగ్గింది, యావ పెరిగింది. పొలంలో పలుగురాయి తళుక్కుమని వజ్రమేమో అనిపించిన క్షణం మనిషిని ఇంకో గంట నిలబెడుతుందే, అలాంటిది.

ఇది రోగమా అలవాటా అన్న వాదన మీ ఇంట్లో జరుగుతూనే ఉండి ఉంటుంది. అమెరికా మానసిక వైద్య సంఘం తన వర్గీకరణ గ్రంథం ఐదో ముద్రణలో, 2013లో, జూద వ్యసనాన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాలున్న అధ్యాయంలోకే చేర్చింది. లోపలికి ఏ మత్తుపదార్థమూ పోకుండానే మెదడు అలా చిక్కుకుంటుందని ఒప్పుకున్నట్టు. ఆడగా ఆడగా ఈ పని ఆలోచించి చేసే దారి నుంచి, బండి నడిపినట్టు ఆలోచన లేకుండా చేసే దారిలోకి జారుతుంది. అందుకే కొందరు "ఎప్పుడు యాప్ తెరిచానో నాకే తెలియలేదు" అంటారు. ఆ మాట కూడా నమ్మండి.

ఇప్పుడు ఆ 41 రోజుల సంగతి. మీ నాన్నగారు దాన్ని తమ్ముడి మీద సాక్ష్యంగా చూపుతున్నారు. ఇన్నేళ్ల అనుభవంతో చెబుతున్నాను, మీ చేతిలో ఉన్న అన్నిటికంటే విలువైన ఆధారం అదే.

ఆ రోజుల్లో ఏమేం మారిందో రాసి చూడండి. తెల్లవారుజామున చన్నీటి స్నానం. నల్ల బట్టలు. నేల మీద పడక. ఒంటి పూట భోజనం. సాయంత్రం పూజ, భజన. పక్కన గురుస్వామి, తోటి స్వాములు. కనిపించిన ప్రతివారూ "స్వామీ" అని పిలవడం. రాత్రి తొమ్మిదిన్నరకు కర్నూలు గదిలో మంచం మీద ఒంటరిగా పడుకుని ఫోను పట్టుకునే ఆ మనిషే అక్కడ లేడు. మెదడు ఆటను విడిగా నేర్చుకోదు. చోటుతో, వేళతో, ఒంటి తీరుతో, తోటివారితో కలిపి నేర్చుకుంటుంది. ఆ దీపాలన్నీ ఆరిపోయాయి కనుక యావ లేవలేదు. మాల తీసి, నల్ల బట్టలు విప్పి, అదే గదికి, అదే మంచానికి, అదే జీతం రోజుకు తిరిగొచ్చాడు. దీపాలన్నీ ఒకేసారి వెలిగాయి. మాల తీసిన ఎనిమిదో రోజు ఏ రోజో ఒకసారి చూడండి. జీతం పడిన రోజు, అప్పువాడు ఫోను చేసిన రోజు, పెద్ద మ్యాచ్ ఉన్న రోజు, ఈ మూడింటిలో ఒకటై ఉంటుందని నా అనుమానం. మాల వేసినన్నాళ్లు మద్యం ముట్టక, తీసిన రాత్రే దుకాణం ముందు నిలబడినవాళ్లను మనం ఎందరిని చూడలేదు? దీక్ష ఉత్తుత్తిదని కాదు దాని అర్థం. దీక్ష నిజంగానే పనిచేసింది. దాని చుట్టూ కట్టిన జీవితాన్ని మనమే మాలతోపాటు తీసేశాం.

దీనికి పెద్ద ఎత్తున దొరికిన రుజువు ఒకటుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల్లో దాదాపు ఐదో వంతు మంది అక్కడ హెరాయిన్ వంటి మత్తుమందులకు బానిసలయ్యారు. వీళ్లంతా ఇంటికొస్తే దేశం ఏమైపోతుందోనని ప్రభుత్వం భయపడింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తిరిగొచ్చినవారిని వెతికి పట్టుకుని విచారించింది. అక్కడ బానిసలైనవారిలో మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవారు సుమారు 5 శాతమే. అడవి, యుద్ధం, చేతికందే మందు, తోటి సైనికులు వెనక ఉండిపోయారు, ఇల్లు వేరే చోటు. అదే మనిషి ఊళ్లోనే మందుకు బానిసై, ఆస్పత్రిలో బాగుపడి, తిరిగి అదే సందులోకి వెళ్తే కథ చాలాసార్లు వేరుగా ఉంటుంది. మీ తమ్ముడు రెండో రకం.

మరో సంగతి. మానడం అంటే మెదడులో రాసినది చెరిపేయడం కాదు. కుక్కల మీద ప్రయోగాలు చేసిన పావ్లోవ్ దీన్ని ఎప్పుడో గమనించాడు. గంట కొట్టి తిండి పెట్టడం మానేస్తే కొన్నిసార్ల తర్వాత కుక్కకు లాలాజలం ఊరడం ఆగుతుంది. కొంత విరామం ఇచ్చి మళ్లీ గంట కొడితే మళ్లీ ఊరుతుంది. పాత పాఠం అడుగున అలాగే ఉంది, దాని మీద కొత్త పాఠం పరచుకుంది, అంతే. కొత్త పాఠం ఎక్కడ నేర్చుకుంటే అక్కడే గట్టిగా ఉంటుంది. సన్నిధానంలో నేర్చుకున్నది కర్నూలు గదిలో అక్కరకు రాలేదు. దాన్ని ఆ గదిలో, ఆ జీతం రోజున, ఆ తొమ్మిదిన్నరకు నేర్చుకోవాలి. లేదా గదే మారాలి.

ఇక మీ ఇంటి గురించి. నొప్పి కలిగిస్తే మన్నించండి, చెప్పక తప్పదు. పునర్బలనం కేవలం ఫోనులో లేదు, మీ ఇంట్లోనూ ఉంది. అప్పు బయటపడుతుంది, ఇల్లు రణరంగమవుతుంది, తమ్ముడు ఏడ్చి అమ్మ మీద ఒట్టు వేస్తాడు, అందరూ కరుగుతారు, నాన్న అప్పు తీరుస్తారు, ఇల్లు సద్దుమణుగుతుంది. ఇందులో బహుమానం దేనికి దక్కింది? మాట ఇచ్చినందుకు. మానినందుకు కాదు. ఆ 41 రోజుల్లో, ఆ తర్వాతి ఏడు రోజుల్లో, ఎవరైనా అతన్ని కూర్చోబెట్టి "ఇన్ని రోజులు ఉన్నావురా" అన్నారా? చాలా ఇళ్లలో ఎవరూ అనరు. "ఎన్నాళ్లుంటాడో చూద్దాం" అనుకుంటూ అనుమానంగా చూస్తారు. అంటే మెదడు లెక్కలో మానినందుకు ఏమీ రాలేదు, ఒట్టు వేసినందుకు లక్షలు వచ్చాయి.

మీ నాన్నగారూ ఇందులో చిక్కుకున్నారు. అప్పువాడు ఇంటి ముందుకు వస్తే కలిగే అవమానం డబ్బు కట్టగానే పోతుంది. బాధ తొలగడమే ఇక్కడ బహుమానం. దీన్ని రుణాత్మక పునర్బలనం అంటారు, శిక్షతో కలపకూడదు. తమ్ముడు ఇప్పుడు ఆడుతున్నదీ ఎక్కువగా దీని కోసమే. గెలవాలని కంటే, అప్పు గుర్తొచ్చి ఛాతీ బిగుసుకుపోయినప్పుడు ఆటలో ఆ గంటసేపు అది గుర్తుండదనే ఆడతాడు. తిట్టిన కొద్దీ ఆ బిగుసుకుపోవడం పెరుగుతుంది. దాని నుంచి పారిపోవడానికి అతనికి తెలిసిన దారి ఒక్కటే.

ఏం చేయాలో చెబుతాను. అన్నిటికంటే ముందు ఇది: "నేను లేకపోతే మీకు అప్పుల బాధ ఉండదు" వంటి మాట అతను ఎప్పుడైనా అన్నాడా? అంటే అది బెదిరింపు అనుకోవద్దు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలవద్దు. రాత్రివేళ అయితే 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ, 24 గంటలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. జూదపు అప్పుల్లో ఉన్నవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. అతను ఏమీ అనకపోయినా "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు.

రెండోది డబ్బు దారి మూయడం. జీతం పడే ఖాతాకు మీరు కూడా హక్కుదారుగా ఉండేలా బ్యాంకులో మార్పించండి, ఫోను ద్వారా చెల్లించే రోజువారీ పరిమితిని అతని భోజనం, బస్సు ఖర్చుకు సరిపోయేంతకు తగ్గించండి. అతని ఒప్పుకోలుతోనే చేయండి. మంచి మనసుతో ఉన్న గంటలో అడిగితే చాలామంది వాళ్లే ఒప్పుకుంటారు, కొందరైతే కృతజ్ఞత చెబుతారు. మన రాష్ట్రం 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. అయినా దొంగదారిన ఆటలు నడుస్తూనే ఉన్నాయని మీ తమ్ముడి ఖాతానే చెబుతోంది. చట్టాన్ని నమ్ముకుని ఖాతాను తెరిచి ఉంచవద్దు.

అప్పులు ఒకేసారి తీర్చవద్దు. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ముందు పూర్తి పట్టిక అతని చేత రాయించండి, వడ్డీతో సహా. తొలి పట్టికలో ఎప్పుడూ కొన్ని దాగి ఉంటాయి కనుక వారం తర్వాత మళ్లీ రాయించండి. తీర్చే ప్రతి రూపాయీ అతని జీతం నుంచి, మీ చేతి మీదుగా, నెలనెలా పోవాలి. అప్పు యాప్‌ల వాళ్లు బెదిరిస్తే, ఫొటోలు పంపుతామంటే, 1930కి ఫిర్యాదు చేయండి. భయపడి కట్టవద్దు.

మూడోది నాకు అన్నిటికంటే నమ్మకమున్నది. 1990లలో అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిగ్గిన్స్ కొకైన్ వ్యసనపరులకు స్కిన్నర్ సూత్రంతోనే వైద్యం చేశాడు. పరీక్షలో మత్తు లేదని తేలిన ప్రతిసారీ వస్తువులు కొనుక్కునే చీటీ ఇచ్చేవారు. వరసగా తేలిన కొద్దీ చీటీ విలువ పెరిగేది. ఒక్కసారి తప్పితే మళ్లీ మొదటి మెట్టుకు. మాటల వైద్యం కంటే ఇది బాగా పనిచేసింది. చిన్నదైనా వెంటనే వచ్చేది, తప్పక వచ్చేది. జూదం ఇచ్చేదానికి ఇది సరిగ్గా ఎదురు.

మీ ఇంట్లో ఇలా చేయవచ్చు. ప్రతి ఆదివారం ఉదయం మీరిద్దరూ కూర్చుని ఆ వారం ఖాతా చూడండి. శుభ్రంగా ఉంటే అతని జీతంలోంచే పక్కన పెట్టిన కొంత సొమ్ము అమ్మ గాజులు విడిపించే ఖాతాలో అతని చేత్తోనే వేయించండి. తర్వాతి వారం మరికొంత ఎక్కువ. ఎంత జమ అయిందో గోడ మీద రాయండి. ఆడిన వారం జమ లేదు, ఆ తర్వాత వేసే సొమ్ము మళ్లీ మొదటి మెట్టు నుంచి. ఆ వారం తిట్లూ లేవు, ఉపన్యాసమూ లేదు. మొదట్లో వాయిదా వేస్తాడు, విసుక్కుంటాడు. అన్నం రుచించదు, పండుగ పట్టదు, ఏదీ బాగోలేదంటాడు. కొన్ని వారాలు అలాగే ఉంటుంది.

మధ్యలో ఒకసారి యావ మరీ ఎక్కువగా లేచి, పరిస్థితి విషమించినట్టు కనిపించవచ్చు. రావాల్సింది రానప్పుడు జంతువు మీటను మునుపటికంటే గట్టిగా, వేగంగా నొక్కుతుంది, ఆ తర్వాతే తగ్గుతుంది. మీరు ఆ దశలో జాలిపడి డబ్బు చేతికిచ్చారంటే, గట్టిగా అడిగితే వస్తుందన్న కొత్త పాఠం నేర్పినట్టే. యావ ఒక్కసారి లేస్తే చాలామందిలో అరగంట లోపు దానంతటదే దిగడం మొదలవుతుంది. ఆ అరగంట ఒంటరిగా ఉండకపోతే చాలు. రాత్రి తొమ్మిదిన్నరకు మీరు ఫోను చేసి, ఆట గురించి అడగకుండా, ఊరి కబుర్లు చెప్పండి. గది మార్చగలిగితే, ఒంటరి గదికి బదులు తోటివారున్న చోటికి మార్చండి. గురుస్వామి కర్నూలులోనే ఉంటే వారానికి రెండు సాయంత్రాలు భజనకు వెళ్లమనండి, మాల లేకపోయినా సరే.

మందుల సంగతి. మద్యం వ్యసనానికి వాడే నాల్ట్రెక్సోన్ జూదపు యావ ఎక్కువగా ఉన్న కొందరికి ఉపయోగపడుతుంది. కాలేయ పరీక్ష చేశాకే ఇస్తాం. దిగులు, నిద్రలేమి ఉంటే వాటికి వేరుగా చూస్తాం. కర్నూలులోనే మానసిక వైద్యులున్నారు. ఇంకా ప్రత్యేకంగా కావాలంటే బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసనాల విభాగం ఉంది. పోలీసు కేసవుతుందేమో, పెళ్లి సంబంధాలు పోతాయేమో అని వెనకాడవద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగి వివరాలను గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యుడిది.

మళ్లీ ఆడతాడు. ఒకసారో రెండుసార్లో. ఆ రోజు మీ నాన్నగారు "చూశావా, నేను చెప్పలేదా" అంటారు. అప్పుడు తమ్ముడిని ఇవి మాత్రమే అడగండి: ఏ వేళ, ఏ చోట, దానికి ముందు ఏం జరిగింది, చేతికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది. నాలుగు జవాబులూ ఒక పుస్తకంలో రాయండి. మూడు నాలుగు పేజీలు నిండేసరికి ఏ దీపం ఎక్కడ వెలుగుతోందో మీకే కనిపిస్తుంది. వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం, ఆరు నెలల బ్యాంకు లావాదేవీల పట్టిక, అప్పుల పట్టిక తీసుకెళ్లండి. ఆ మాల రోజుల దినచర్యను కూడా ఒక కాగితం మీద గంటగంటకూ రాసి తీసుకెళ్లండి. నా దగ్గరికి వచ్చినా నేను మొదట అడిగేది ఆ కాగితమే.